నడిగడపమ్మ తలుపు తట్టించుకున్న కథ

వంకేటి ఒడ్డున, ఎర్రమట్టి దిబ్బ మీద నడిగడపమ్మ వెలసి ఉంది. బస్సు దిగిన చోటి నుంచి చూస్తే అది గుడిలా కనిపించదు. గోపురం లేదు, ధ్వజస్తంభం లేదు. పాతకాలపు పెంకుటిల్లు వంటి కట్టడం ఒకటి, దాని చుట్టూ వేపచెట్లు, కొబ్బరికాయలు అమ్మే బడ్డీలు మాత్రం కనిపిస్తాయి. వీధి వాకిలికి తలుపన్నది లేదు. వానైనా ఎండైనా అది తెరిచే ఉంటుంది. లోపలికి అడుగు పెడితే పొడవాటి చావడి. చావడి చివర మందపాటి మట్టిగోడ, ఆ గోడలో ఒక చెక్క ద్వారబంధం, దానికి రెండు రెక్కల తలుపు. తలుపు వెనక చిన్న గది.

కొత్తగా వచ్చిన భక్తులు ఆ గదిలో విగ్రహం ఉంటుందనుకుని తొంగి చూస్తారు. లోపల విగ్రహం లేదు. ఆ ద్వారమే అమ్మవారు. పసుపు కుంకుమలు గడపకే, పూలదండ ద్వారబంధానికే.

ద్వారబంధం ఏగిస చెక్కతో చేసినది. కుడివైపు నిలువుకమ్మి మీద కింది నుంచి పై వరకు కాకరతీగ చెక్కి ఉంటుంది. ఆకులు, పూలు, నులితీగలు, ఒకచోట పండి పగిలిన కాకరపండు కూడా ఉన్నాయి. ఎడమవైపు కమ్మి మాత్రం చిత్రిక పట్టి వదిలేసినట్టు నున్నగా ఉంటుంది. తలుపు రెక్కల మీద బయటివైపు ఏదో ఊడదీసినట్టు పాత చీలల రంధ్రాలు కనిపిస్తాయి. ఇంత అందమైన పనిని సగంలో ఎందుకు ఆపారని, ఆ రంధ్రాలు ఏమిటని అడగని యాత్రికుడు లేడు. పెద్దలు చెప్పగా విన్న కథను అటువంటివారి కోసం ఇక్కడ వ్రాస్తున్నాము.

పూర్వం ఇక్కడ ఊరు లేదు. దిబ్బ మీద వడ్రంగి సింగోజు ఇల్లు ఒక్కటే ఉండేది. ఇల్లంటే ఇల్లూ అదే, పని చేసే పాకా అదే. ముందు చావడిలో రంపం కోతలు, చిత్రిక పనులు సాగేవి. చివర ఉన్న మట్టిగోడకు అవతల చిన్న కొట్టు, అందులోనే వంట, పడక. ఆ గోడలో మనిషి పట్టేటంత సందు ఉండేది. వీధి వాకిలికి తలుపు ఉంది కానీ ఈ సందుకు లేదు, ఈతచాప ఒకటి వేలాడుతూ ఉండేది. దిగువన ఏటి లంకల్లో మేకల కాపరులు, చాపలు అల్లేవారు గుడిసెలు వేసుకుని బతికేవారు. ఏరు పొంగితే వారికి దిబ్బే దిక్కు.

సింగోజు భార్య పేరు కాళమ్మ. ఆమె కాపురానికి వచ్చిన నాడు ఆ చాపను చూసి, "తలుపు లేదా?" అని అడిగింది. "వడ్లవాడి ఇంట తలుపుకు కరువా? ఈ పని కానీ, మనదే మొదలుపెడతాను" అన్నాడు సింగోజు. ఆ పని అయింది, దాని వెనక మరొకటి వచ్చింది. ఏళ్ళు గడిచాయి. సింగోజు చెక్కిన సింహద్వారాలు చుట్టుపక్కల పెద్ద ఇళ్ళన్నింటికీ ఎక్కాయి. సొంత ఇంట్లో చాప చిరిగితే చాప మారింది, తలుపు మాత్రం రాలేదు. కాళమ్మ మళ్ళీ అడగలేదు. అడిగి లేదనిపించుకోవడం ఆమెకు ఇష్టం ఉండేది కాదు.

సింగోజు చెడ్డవాడు కాడు. పని పట్టుకుంటే ఆకలి తెలియదు, ఎదుట ఎవరున్నారో తెలియదు. చెక్కను చూసినంత నిదానంగా అతను మనుషులను చూడలేదు, అంతే.

ఆ కాలంలో ఈ సీమకు పెదమల్ల నాయకుడు దొర. కొండమీద కోట కట్టించుకుని ఉండేవాడు. ఆయన మాట మీదే ఏటికి ఇరువైపులా జనం లేచేవారు, కూర్చునేవారు. ఆయనకు కొండమ అని ఒక్కగానొక్క కూతురు. అల్లుణ్ణి ఇల్లరికం తెచ్చుకుని, కూతురికి కోటలో కొత్త గది కట్టించాలనుకున్నాడు. ఆ గదికి తలుపు చేయమని సింగోజును పిలిపించాడు.

"వీధి తలుపులు చాలా చేశావు. ఇది లోపలి తలుపు. దీన్ని చూసేది ఇంట్లోవాళ్ళే. అయినా సింహద్వారానికి తీసిపోకూడదు" అన్నాడు దొర. కాసేపు ఆగి, "గడియ బయటివైపు పెట్టు. ఆడపిల్ల గది" అన్నాడు.

సింగోజు తల ఊపి వచ్చేశాడు. లోపలి తలుపుకు చెక్కడపు పని అంటే అప్పట్లో కొత్త మాట. గొప్ప ఇళ్ళలో కూడా వీధివైపు హంసలు, పూర్ణకుంభాలు చెక్కించి, లోపలి గదులకు బోడి చెక్కలు బిగించేవారు. ఎవరికి చూపాలని ఈ పని అని అతను చాలా ఆలోచించాడు. చివరకు దేవతలనూ పక్షులనూ వదిలేసి, తన ఇంటి కప్పు మీదికి పాకిన కాకరతీగనే చెక్కడం మొదలుపెట్టాడు. రోజూ చూసే తీగ, చూసి చూసి కన్ను అలవాటు పడిపోయిన తీగ, చెక్క మీదికి ఎక్కేసరికి కొత్తగా కనిపించింది. కాళమ్మ అన్నం పెట్టడానికి వచ్చి, ఆ పగిలిన పండు మీద వేలు పెట్టి చూసింది. గింజలు చేతికి తగిలాయి. "బాగుంది" అని మాత్రం అని లోపలికి వెళ్ళింది. చాప ఆమె వెనక ఊగుతూ ఉండిపోయింది.

కుడి కమ్మి పూర్తయింది. రెక్కలు పూర్తయ్యాయి. దొర చెప్పినట్టే గడియ బయటివైపు బిగించాడు. ఇక ఎడమ కమ్మి చెక్కడమే మిగిలింది. దానికి చిత్రిక పట్టి, గీత గీయబోయే రోజున వాన మొదలైంది.

ఆ వాన అందరూ అనుకున్నట్టు తెరిపి ఇవ్వలేదు. వంకేరు ఒడ్లు దాటింది. లంకల్లో గుడిసెలు మునిగాయి. జనం పిల్లల్ని, మేకల్ని, తడిసిన మూటల్ని ఎత్తుకుని దిబ్బెక్కారు. సింగోజు ద్వారబంధానికి గోనెలు కప్పి ఒక మూలకు జరిపాడు. చావడి నిండిపోయింది. మగవారు, ఆడవారు, పిల్లలు, మేకలు, కుక్కలు, అందరూ ఒకే కప్పు కింద. కాలు చాపుకుందామంటే ఇంకొకరి వీపు తగిలేది. కాళమ్మ ఉన్న బియ్యమంతా గంజి కాచింది. చాప తీసి పక్కన పెట్టేశారు, లోపలి కొట్టులో కూడా జనమే.

వారిలో పోలి అనే మేకల కాపరి భార్య ఉంది. నిండు చూలాలు. ఆమె మగడు మందను మెట్టకు తోలుకుపోయి, ఏటికి అవతల చిక్కుకున్నాడు. ఆమెకు అయినవారు ఎవరూ దగ్గర లేరు. మధ్యాహ్నం వేళ, గంజి తాగుతూ తాగుతూ ముంత కింద పెట్టి, నడుము పట్టుకుని వంగిపోయింది.

ఆడవారు చుట్టూ చేరారు. వారిలో నుంచి ఒక ముసలావిడ ముందుకు వచ్చింది. తెల్లని జుట్టు ముడివేసుకుని ఉంది, అరచేతులు పసుపు. పోలి కడుపు మీద చెయ్యి వేసి చూసి, "ఇది నా పని, జరగండి" అంది. మంత్రసాని దొరికిందని అందరికీ ధైర్యం వచ్చింది. ఆమె మేకల కాపరుల మనిషని చాపలు అల్లేవారు అనుకున్నారు. చాపలు అల్లేవారి మనిషని మేకల కాపరులు అనుకున్నారు.

లోపలి కొట్టును ఖాళీ చేసి పోలిని అక్కడికి చేర్చారు. మగవారు అటు తిరిగి కూర్చున్నారు. అయితే ఎంత అటు తిరిగినా చావడి నిండా మనుషులే. సందుకు చీరలు కట్టారు. ఈదురుగాలికి అవి నిలవలేదు. చాప కట్టారు. అది తడిసి బరువెక్కి తెగి పడింది. పిల్లలు పరుగెత్తుకొచ్చి తొంగి చూస్తున్నారు, మేకపిల్లలు లోపలికి దూరుతున్నాయి. పోలి అందరి మొహాలూ చూస్తోంది. నొప్పి వచ్చినప్పుడల్లా కాళ్ళు దగ్గరికి లాక్కుని, పెదవి కొరుక్కుని, ఊపిరి బిగబడుతోంది.

"వదులు తల్లీ, వదులు" అంటోంది ముసలావిడ. పోలి వదలడం లేదు. వదలలేకపోతోంది.

సాయంకాలం కావస్తున్నా బిడ్డ రాలేదు. ముసలావిడ లేచి కాళమ్మతో అంది: "నీళ్ళు కాచావు, గుడ్డలు తెచ్చావు. ఇప్పుడు దీనికి కావలసింది మందు కాదు, చాటు. నలుగురి ఎదుట గొడ్డయినా ఈనదు. ఇలాగే ఉంటే బిడ్డ దక్కదు, ఆపైన తల్లి కూడా."

కాళమ్మ అక్కడే నిలబడిపోయింది. ఆమె కళ్ళు పోలి కాళ్ళ మీదే ఉన్నాయి. తరువాత చావడిలోకి వచ్చి, మనుషులను తప్పించుకుంటూ సింగోజు దగ్గరికి వెళ్ళింది.

"మామా, ఆ తలుపు పెట్టు."

సింగోజుకు వెంటనే అర్థం కాలేదు. "ఏ తలుపు?"

"గోనెలు కప్పి దాచావే, అది."

"నీకు మతిగాని పోయిందా? అది దొరగారి కూతురి గదికి. పురిటి మైల సోకితే దాన్ని కోట గడప తొక్కనిస్తారా? సీమ నుంచే వెళ్ళగొడతాడో, చేతులే తీయిస్తాడో."

"మన బిడ్డ పుట్టిన రోజు నీకు గుర్తుందా?"

సింగోజు ఆమె వైపు చూశాడు. ఆ మాట వారిద్దరి మధ్యా ఏళ్ళుగా రాలేదు. "గుర్తు లేకేం" అన్నాడు.

"ఏం గుర్తు? నువ్వు చాపకు ఇవతల చిత్రిక పడుతున్నావు. రంపం కోసేవాళ్ళు మంచినీళ్ళకని వస్తున్నారు, పోతున్నారు. గాలికి చాప లేచినప్పుడల్లా నేను కాళ్ళు ముడుచుకున్నాను. నొప్పి వస్తే అరవకుండా బిగబట్టాను. ఆ మంత్రసాని కూడా వదులు వదులు అనే అంది. నేను వదల్లేకపోయాను మామా. బిడ్డ ఊపిరాడక పోయింది. దేవుడు ఇచ్చాడు, దేవుడే తీసుకున్నాడు అన్నారు అందరూ. నేనూ ఊ అన్నాను."

ఆమె గొంతు పెంచలేదు. చుట్టూ ఉన్న సందడిలో ఆ మాటలు అతనికి తప్ప ఎవరికీ వినిపించలేదు. సింగోజు వంగి గోనెలు లాగేశాడు.

"నలుగురు పట్టండి" అని కేక పెట్టాడు.

మగవారు లేచారు. ద్వారబంధాన్ని నిలబెట్టి సందులోకి జరిపారు. సందు వెడల్పు తక్కువైతే సింగోజు గునపంతో మట్టిగోడను చెక్కాడు. ఎక్కువైన చోట రాళ్ళూ చెక్కముక్కలూ దిగ్గొట్టి, తడిమట్టితో మెత్తించాడు. రెక్కలు నిలిపాడు. అప్పుడు ముసలావిడ గడప దగ్గరికి వచ్చి తలుపు తడిమి చూసింది.

"గడియ అటు పెట్టావేం నాయనా?"

"దొరగారు అలా చెప్పారు."

"లోపలికి మార్చు. గడియ ఎటు ఉంటే ఇల్లు అటువాళ్ళది."

సింగోజు మారుమాట లేకుండా చీలలు ఊడదీసి, గడియను లోపలివైపు బిగించాడు. ముసలావిడ, కాళమ్మ లోపలికి వెళ్ళారు. రెక్కలు మూసుకున్నాయి. గడియ పడిన చప్పుడు చావడిలో అందరికీ వినిపించింది.

ఆ చప్పుడు విని పోలి చుట్టూ చూసింది. మట్టిగోడలు, మూసిన తలుపు, ఇద్దరు ఆడవారు. అంతవరకు బిగబట్టిన ఊపిరి ఒక్కసారిగా వదిలి, గొంతెత్తి అరిచింది. అంత పెద్ద కేక ఆ దిబ్బ మీద ఎవరూ వినలేదట. దీపం పెట్టే వేళకు ఆడపిల్ల పుట్టింది. పుడుతూనే ఏడ్చింది.

కాళమ్మ బిడ్డను ఒడిలోకి తీసుకుని తుడిచింది. వేడినీళ్ళు సరిపోకపోతే, బిడ్డను తల్లి పక్కన పడుకోబెట్టి, గడియ తీసి బయటకు వెళ్ళింది. కాగు తీసుకుని తిరిగి వచ్చేసరికి లోపల పోలి, బిడ్డ తప్ప ఎవరూ లేరు.

"అవ్వ ఏది?" అని అడిగింది కాళమ్మ.

"నీ వెనకే వెళ్ళింది కదా" అంది పోలి.

చావడిలో అడిగితే ఎవరూ చూడలేదన్నారు. మేకల కాపరులను అడిగితే, ఆమె తమ మనిషి కాదన్నారు. చాపలు అల్లేవారూ అదే మాట అన్నారు. వానలో ఎక్కడికి పోతుంది, ఎక్కడో పడుకుని ఉంటుందిలే అనుకున్నారు. తెల్లవారి వెలుగు వచ్చాక సింగోజు తలుపు దగ్గర నిలబడి చూశాడు. ఎడమ కమ్మి మీద, తాను గీత గీయబోయిన చోట, పసుపు అరచేతి ముద్ర ఉంది. గడప దాటుతూ పట్టు కోసం వేసిన చెయ్యిలా ఉంది. తడిగుడ్డతో తుడిచాడు. పోలేదు. మళ్ళీ తుడవడానికి అతనికి చెయ్యి రాలేదు.

వరద తీసింది. జనం కొందరు లంకలకు దిగిపోయారు. పోలి బాలింత కనుక కాళమ్మ ఆమెను కదలనివ్వలేదు. ఈలోగా కోటకు కబురు వెళ్ళింది. కూతురి గదికని చేయించిన తలుపును మేకల కాపరి పెళ్ళాం పురిటికి పెట్టారట అని. పెళ్ళి ముహూర్తం దగ్గరపడింది. పెదమల్ల నాయకుడు గుర్రమెక్కి, భటులను వెంటబెట్టుకుని స్వయంగా దిబ్బకు వచ్చాడు.

సింగోజు వాకిట్లో సాగిలపడ్డాడు. దొర అతణ్ణి చూడలేదు. చావడిలోకి నడిచి తలుపు ముందు ఆగాడు. కాకరతీగ మీద ఆయన చూపు ఒక్క క్షణం నిలిచింది. ఆ తరువాత ఊడదీసిన గడియ తాలూకు రంధ్రాలు చూశాడు. మొహం ఎర్రబడింది.

"పీకి బయట పారేయండి. కాల్చి బూడిద చేయండి. ఆ తరువాత వీడి సంగతి చూస్తాను" అన్నాడు.

భటులు ముందుకు వచ్చారు. కాళమ్మ వచ్చి తలుపుకు వీపు ఆనించి నిలబడింది.

"లోపల బాలింత ఉంది దొరా. బిడ్డ ఉంది. పీకిస్తే పీకించండి, తమరి తలుపే. కానీ ముందు తట్టి, ఆమె తీశాక పీకించండి."

"నేను తట్టాలా?"

"గడియ లోపల ఉంది మరి. తమరైనా తట్టాల్సిందే."

భటులు దొర మొహం చూశారు. పెదమల్ల నాయకుడు పుట్టి బుద్ధెరిగాక ఏ తలుపూ తట్టి ఎరగడు. ఆయన వస్తున్నాడంటే తలుపులు వాటంతట అవే తెరుచుకునేవి. కోపమో, ఈమె సంగతి తేల్చాలన్న పంతమో, చెయ్యి ఎత్తి తలుపు మీద కొట్టాడు.

"ఎవరు?" అని లోపలి నుంచి వినిపించింది.

దొర తడబడ్డాడు. ఆ ప్రశ్న ఆయనను ఎవరూ అడగలేదు. "నేను" అన్నాడు.

"నేనంటే?"

పక్కనున్న భటుడు గొంతు సవరించుకుని బిరుదులు అందుకోబోయాడు. కాళమ్మ చేత్తో వారించింది. "కేకలు పెట్టకండి, పసిబిడ్డ ఉలిక్కిపడుతుంది."

దొర తలుపు వైపే చూస్తూ ఉన్నాడు. ఆయన ఎప్పటి పేరో వెతుక్కుంటున్నట్టు కాళమ్మకు అనిపించింది.

"మల్లుణ్ణి" అన్నాడు చివరకు, మెల్లగా. ఆయన తల్లి తప్ప ఆ పేరుతో ఆయనను పిలిచినవారు లేరు.

"కాసేపు ఆగు మల్లన్నా. బిడ్డ పాలు తాగుతోంది."

ఆ గొంతు విని కాళమ్మ గిరుక్కున తలుపు వైపు తిరిగింది. అది పోలి గొంతు కాదు. "ఇది నా పని, జరగండి" అన్న గొంతు.

పెదమల్ల నాయకుడు ఆగాడు. ఎందుకు ఆగాడో ఆయనకే తెలియదు. సింగోజు పని చేసుకునే దుంగ మీద కూర్చున్నాడు. రాత్రి పడిన జల్లు నీళ్ళు కప్పు నుంచి ఆయన భుజం మీద పడుతూనే ఉన్నాయి, పక్కకు జరగలేదు. భటులు ఒకరినొకరు చూసుకుంటూ నిలబడ్డారు. పసిబిడ్డ గుటకలు వేసే చప్పుడు కూడా వినిపించేంత నిశ్శబ్దం. ఎంతసేపైందో ఎవరూ చెప్పలేకపోయారు.

గడియ తీసిన చప్పుడైంది. తలుపు తెరుచుకుంది. నిద్రమొహంతో పోలి నిలబడి ఉంది, చంకలో బిడ్డ. ఎదుట దొరను చూసి బెదిరిపోయింది.

"నన్ను ఆగమన్నది నువ్వేనా?" అన్నాడు దొర.

"నేనా? నేను నిద్రపోతున్నాను దొరా. పిల్ల కదిలితే ఇప్పుడే మెలకువ వచ్చింది. ఎవరో నా పక్కన కూర్చుని దానికి జో కొడుతున్నట్టుంది. కళ్ళు తెరిస్తే ఎవరూ లేరు."

దొర గదిలోకి తొంగి చూశాడు. నాలుగు మట్టిగోడలు, ఒక కుంపటి. మరో దారి లేదు. తిరిగి వస్తూ పట్టు కోసం ద్వారబంధం మీద చెయ్యి వేయబోయి ఆగాడు. ఆ చోటనే పసుపు చెయ్యి ఉంది. తడి ఆరనట్టు మెరుస్తోంది.

ఆయన చెయ్యి వెనక్కి తీసుకుని సింగోజు వైపు తిరిగాడు. "సింగోజూ, ఇది ఇక్కడే ఉండనీ. మా అమ్మాయికి వేరే చెయ్యి."

"చిత్తం దొరా. ఇలాంటిదే చేస్తాను."

"ఇలాంటిదే. గడియ కూడా లోపలే పెట్టు."

ఆయన వెళ్ళాక జనం అంతా ఆ ముద్ర చూడటానికి ఎగబడ్డారు. పోలి మగడు ఏరు దాటి వచ్చి, భార్యనూ బిడ్డనూ బండి మీద తీసుకుపోయాడు. చావడి ఖాళీ అయింది. ఆ రోజు మధ్యాహ్నం కాళమ్మ లోపలి కొట్టులోకి వెళ్ళి, తలుపు మూసి గడియ వేసుకుంది. నేల మీద కూర్చుని, పోయిన తన బిడ్డను తలుచుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. ఆ ఇంటికి కాపురానికి వచ్చాక, ఎవరి కంటా పడకుండా ఆమె ఏడవగలిగింది అదే మొదటిసారి. బయట సింగోజు కొత్త తలుపుకు చెక్క ఎంచుకుంటున్నాడు. ఏడుపు విని పని ఆపేశాడు. లోపలికి పిలవలేదు, తలుపు తట్టలేదు. గడపకు ఇవతల నేల మీద కూర్చుని, ఆమె తీసేదాకా అలాగే ఉన్నాడు.

ఏడ్చి ఏడ్చి కాళమ్మకు అక్కడే కునుకు పట్టింది. కలలో ఆ ముసలావిడ గడప మీద కూర్చుని ఉంది. "నాకు గుడి వద్దు, బొమ్మ వద్దు. కూర్చోవడానికి ఈ గడప చాలు. నీ మగడితో చెప్పు, వీధి తలుపు తీసేయమను. వానలో వచ్చినవాళ్ళు బయట నిలబడకూడదు. లోపలి తలుపు మాత్రం మూసే ఉంచండి. వచ్చినవాళ్ళను తట్టమను. వాళ్ళ పేరు వాళ్ళను చెప్పమను. నేను చెయ్యి వేసిన చోట ఉలి పెట్టవద్దు" అంది.

లేచి తలుపు తీసి కాళమ్మ ఈ మాటలు చెప్పగానే, సింగోజు ఆ పూటే వీధి తలుపు విప్పేశాడు. ఎడమ కమ్మిని మళ్ళీ ముట్టలేదు. పసుపు ముద్ర కాలక్రమంలో గడపకు పూసే పసుపులో కలిసిపోయింది. చెయ్యి ఆనించి చూస్తే ఇప్పటికీ అక్కడ చెక్క కాస్త లోతుగా తగులుతుంది. వరదకు భయపడి లంకల వారు మెల్లగా దిబ్బ చుట్టూ ఇళ్ళు కట్టుకున్నారు. అలా ఏర్పడిన ఊరికి నడిగడప అని పేరు వచ్చింది.

అమ్మవారి సేవ మొదట కాళమ్మ చేసింది. ఆ తరువాత నుంచి పోలి కూతురి సంతతి వారు, దిబ్బకు వచ్చి స్థిరపడిన సింగోజు తమ్ముళ్ళ సంతతి వారు వంతుల వారీగా చేస్తున్నారు. లోపల ఎప్పుడూ ఆడవారే ఉంటారు.

ఈ ప్రాంతంలో ఎవరు ఇల్లు కట్టుకున్నా, అది రేకుల ఇల్లైనా డాబా అయినా, నడిమింటికి తలుపు లేకుండా గృహప్రవేశం చేయరు. ఆ తలుపుకు బిగించే చెక్కడపు పట్టీని ముందుగా ఇక్కడికి తెచ్చి, గడపకు తాకించి తీసుకువెళతారు. ఆ పట్టీని కుడివైపే కొడతారు, ఎడమవైపు నున్నగా వదిలేస్తారు. కాకరతీగే చెక్కించాలన్న నియమం లేదు. మల్లెతీగ, గోరింట, చిక్కుడు, ఎవరి ఇంటి మీద ఏది పాకితే అది చెక్కిస్తారు. కొత్త కోడలు వచ్చిన ఇంట్లో అత్తగారు స్వయంగా ఆ తలుపు మూసి, లోపలి గడియ ఎలా పడుతుందో కోడలికి చూపించాలి. అంతకు ముందు ఆ ఇంట ఏ శుభకార్యమూ జరపరు.

గుడికి వచ్చినవారు చావడి దాటి తలుపు తట్టాలి. లోపలి నుంచి "ఎవరు?" అని వినిపిస్తుంది. అప్పుడు ఇంటిపేరు, గోత్రం, ఉద్యోగం చెప్పరాదు. చిన్నప్పుడు ఇంట్లో పిలిచిన పేరు మాత్రమే చెప్పాలి. ఎంత పెద్ద హోదాలో ఉన్నవారైనా ఇక్కడ "చిట్టిని", "బుడ్డోణ్ణి" అని చెప్పుకుని నిలబడటం రోజూ జరిగేదే. ఆ పేరు గుర్తు లేనివారు గుర్తు వచ్చేదాకా చావడిలో కూర్చుంటారు. అలా కూర్చున్నవారిలో కొందరికి కళ్ళు చెమర్చడం చూస్తుంటాము.

నెలలు నిండిన స్త్రీలకు ఇక్కడ సుఖప్రసవం అవుతుందని, బిడ్డను పోగొట్టుకున్న తల్లులకు మనసు కుదుట పడుతుందని నమ్మకం. అటువంటివారు ఒంటరిగా లోపలికి వెళ్ళి గడియ వేసుకోవచ్చు. సేవలో ఉన్న ఆమె అప్పుడు బయటకు వచ్చేస్తుంది. లోపల వారు ఏమి మొక్కుకున్నారో, ఏమి చెప్పుకున్నారో ఎవరూ అడగరు. గది బయట ఎంత పెద్ద వరుస ఉన్నా తొందరపెట్టి తలుపు కొట్టకూడదు. వారంతట వారు గడియ తీసేదాకా అందరూ ఆగాలి. అలా ఓపికగా ఆగినవారికి కూడా అమ్మ ఫలం ఇస్తుందని పెద్దలు చెబుతారు.